ఆడలేనోడికి మద్దెల ఎన్నిసార్లు మార్చాలి?



"ఆడలేక మద్దెల ఓడు" అని తెలుగులో ఉంది. "నాచ్ న జానే, ఆంగన్ టేఢా" అని ఉర్దూలో ఉంది. రెండు జబానుల ఇళ్లల్లో పుట్టాం కాబట్టి బుజుర్గులు మనకి ఈ నసీహత్ రెండుసార్లు చేశారు. రెండుసార్లూ మనం వినలేదు. వెనకటివాళ్లు మద్దెలని తిట్టి ఊరుకునేవారు. మన పిల్లలు ఇంకో అడుగు ముందుకేశారు. తిట్టిన మద్దెలని ఫోన్లో ఫోటో తీసి సగం ధరకి అమ్మేసి, కొత్త మద్దెల కొంటున్నారు. ఆర్నెల్లు తిరక్కుండా అదీ ఓడే అయిపోతోంది.

ఈ కొత్త మద్దెల పేరు యాంప్ మోడలర్.

ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ వ్యాపారం చేసే ఒక సాహెబ్ ఈమధ్య ఫోన్ చేశారు. "భాయ్, మావాడు గిటార్ వాయిస్తాడు. షౌక్ ఉంది కదా అని కాదనలేదు. ఇంట్లో ఇప్పటికే రెండు డబ్బాలున్నాయి. ఇప్పుడు మూడోది కావాలంటున్నాడు, లక్షా ఎనభై వేలట. మొదటి రెండింటిలో లేనిది ఇందులో ఏముంది?" అని అడిగారు. ఆయన కోపంగా లేరు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. ఇలాంటి సవాల్ చాలా ఇళ్లల్లో ఉంది. కాబట్టి జవాబు అందరికీ రాస్తున్నాను.

మౌసీఖీ జాయజా కాదా అన్న బహస్ ఇక్కడ పెట్టను. అది ఉలమాల పని, ఎవరి ఇంటి ఫైసలా వాళ్లది. ఈ మజ్మూన్ పైసల గురించి, నఫ్స్ గురించి. గిటార్ ముట్టని ఇళ్లవాళ్లు కూడా చివరిదాకా చదవండి, మీ వంతు కూడా వస్తుంది.

ముందు ఆ డబ్బా ఏమిటో అర్థం చేసుకుందాం. ఎలక్ట్రిక్ గిటార్‌కి సొంత గొంతు చాలా తక్కువ. తీగ కదిలితే పికప్‌లో చిన్న కరెంటు పుడుతుంది, అంతే. దానికి గొంతు ఇచ్చేది యాంప్లిఫైయర్. పాతకాలపు రేడియోలో ఉండేలాంటి వాల్వులు వేడెక్కి, వాటి శక్తికి మించి లాగినప్పుడు శబ్దం విరుగుతుంది. ఆ విరుపులోంచి వచ్చే గరగరే రాక్ సంగీతం ప్రాణం. కష్టమేమిటంటే ఆ యాంప్ బరువు, ఖరీదు, పైగా గట్టిగా పెడితేగాని ఆ గరగర రాదు. వన్‌టౌన్ గల్లీలో అలాంటిది ఆన్ చేస్తే పక్కింటి పసిపాప లేస్తుంది, ఎదురింటి దాదీ తలుపు తడుతుంది.

అందుకని కంప్యూటర్‌తో ఆ యాంప్‌ని నఖల్ చేయడం మొదలుపెట్టారు. లైన్ 6 అనే కంపెనీ 1998లో పాడ్ అనే చిన్న డబ్బా తెచ్చింది. 2006లో ఫ్రాక్టల్ ఆడియో యాక్స్ ఎఫ్ఎక్స్, 2011లో జర్మనీ నుంచి కెంపర్, 2015లో లైన్ 6 హీలిక్స్, 2021లో ఫిన్లాండ్ కంపెనీ న్యూరల్ డీఎస్పీ క్వాడ్ కార్టెక్స్ వచ్చాయి. 2022లో ఇటలీ కంపెనీ ఐకే మల్టీమీడియా టోనెక్స్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చి, తర్వాత దాన్ని అరచేతిలో పట్టే పెడల్‌గా కూడా అమ్మింది. వీటిలో తరీఖాలు రెండు. ఒకటి, యాంప్ లోపలి సర్క్యూట్‌ని లెక్కల్లోకి దించి ఒక్కో భాగం ఎలా ప్రవర్తిస్తుందో అనుకరించడం. ఫ్రాక్టల్, హీలిక్స్ ఆ దారిలో నడిచాయి. రెండోది, అసలు యాంప్‌లోకి కొన్ని సిగ్నళ్లు పంపి, బయటికి వచ్చినదాన్ని చూసి దాని ముద్ర తీసుకోవడం. కెంపర్, టోనెక్స్ దారి అది. దాన్నే ప్రొఫైల్ అంటారు, కాప్చర్ అంటారు. క్వాడ్ కార్టెక్స్ రెండూ చేస్తుంది.

ఇన్సాఫ్‌గా మాట్లాడాలి కాబట్టి ఒప్పుకుంటున్నాను, ఇది నేమతే. ఇరవై కిలోల యాంప్‌ని స్కూటర్ మీద మోయక్కర్లేదు, బ్యాగులో వేసుకుని పోవచ్చు. రాత్రి ఇషా తర్వాత ఇంట్లో అందరూ పడుకున్నా హెడ్‌ఫోన్ పెట్టుకుని రియాజ్ చేసుకోవచ్చు. ఇరుకు ఇంటి పిల్లవాడికి ఇంతకంటే మేలు చేసిన సామాను ఇంకోటి లేదు. ఒక మోడలర్ కొనడంలో నాకు ఏ ఏతరాజూ లేదు.

నా ఏతరాజ్ రెండోదాని మీద, మూడోదాని మీద. అంతకంటే ఎక్కువగా, వాటిని కొనిపించే ముకాబలా మీద.

మన పిల్లల సాయంత్రాలు చూడండి. గిటార్ గోడకి ఆనించి ఉంటుంది, ఫోన్ చేతిలో ఉంటుంది. హీలిక్స్ వర్సెస్ క్వాడ్ కార్టెక్స్. కెంపర్ వర్సెస్ ఫ్రాక్టల్. ఇరవై నిమిషాల వీడియో అయ్యాక ఇంకో ఇరవై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో ఒక్క స్కేల్ వాయించి ఉంటే వేళ్లకి పని దొరికేది. ఆ వీడియోలో వినిపించే ఫర్క్ ఎక్కడి నుంచి వస్తోందో పిల్లలకి ఎవరూ చెప్పరు. అందుకే నేను చెబుతాను.

మొదటిది వాల్యూమ్. రెండు శబ్దాల్లో ఒకటి కాస్త, ఒకటి రెండు డెసిబెల్స్ మాత్రమే, గట్టిగా ఉంటే మన చెవి దాన్ని "గట్టిగా ఉంది" అనదు, "బాగుంది" అంటుంది. ఇది చెవి ఫిత్రత్. రెండు డబ్బాల వాల్యూమ్ కొలిచి సమానం చేయకుండా పోల్చితే ఆ పోలిక ఫుజూల్. రెండోది స్పీకర్. గిటార్ శబ్దంలో పెద్ద వాటా స్పీకర్ పెట్టెది, దాని ముందు మైక్ ఎక్కడ పెట్టారన్నదానిది. మోడలర్‌లో ఆ పని ఇంపల్స్ రెస్పాన్స్ అనే చిన్న ఫైల్ చేస్తుంది. ఆ ఫైల్ మారిస్తే యాంప్ మొత్తం మారిపోయినట్టే ఉంటుంది. ఇలాంటి ఫైళ్లు ఉచితంగా బోలెడు దొరుకుతాయి. మూడోది, ఆ వీడియో శబ్దాన్ని యూట్యూబ్ కుదించి పంపుతుంది, దాన్ని మీరు ఫోన్ స్పీకర్‌లో వింటున్నారు. లక్షన్నర డబ్బాకీ లక్షా ఎనభై వేల డబ్బాకీ మధ్య ఉన్న సన్నని తేడా ఆ దారంతా దాటుకుని మీ చెవిదాకా చేరిందంటే, భాయ్, మీది చెవి కాదు, కరామత్.

"లేదు చాచా, నాకు తెలుస్తుంది" అనే పిల్లలకి ఒక ఇమ్తిహాన్ ఇస్తున్నాను. రెండు డబ్బాలు తెచ్చుకోండి, ఒకటి దోస్తుది అయినా సరే. రెండింటిలో ఒకే యాంప్ నఖల్, ఒకే ఇంపల్స్ రెస్పాన్స్ ఫైల్ పెట్టండి. వాల్యూమ్ కొలిచి సమానం చేయండి. ఒకే ముక్కని రెండింటిలోంచి రికార్డ్ చేయించండి. మీరు గోడవైపు తిరిగి కూర్చోండి, దోస్త్ తన ఇష్టప్రకారం పదిసార్లు వినిపిస్తాడు. ప్రతిసారీ ఏ డబ్బానో కాగితం మీద రాయండి. పదిలో తొమ్మిదో పదో సరిగ్గా చెప్పగలిగితే నా దగ్గరికి రండి, చాయ్ నాది. ఐదో ఆరో వస్తే అది బొమ్మా బొరుసూ ఆట. ఆ ఆటకి లక్షా ఎనభై వేలు పెట్టబోతున్నారన్నమాట.

ఇంకో విషయం వింటే దుకాణ్‌దారులకి కోపం వస్తుంది. న్యూరల్ యాంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. స్టీవెన్ ఆట్కిన్సన్ అనే ఆయన తయారుచేసి అందరికీ ఉచితంగా వదిలేశాడు. ఓ మాదిరి కంప్యూటరూ, గిటార్‌ని దానికి కలిపే ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేసూ ఉంటే చాలు. ప్రపంచంలోని పెద్ద పెద్ద యాంపుల ముద్రలు వేలకొద్దీ పైసా ఖర్చు లేకుండా దించుకోవచ్చు. పదేళ్ల కిందట లక్షలు పెట్టినా దొరకని సౌండ్ ఇవాళ ముఫ్త్. సౌండే కావలసివుంటే ఈ కథ అక్కడితో ఖతం కావాలి. కాలేదు. ఎందుకంటే మనకి సౌండ్ ఎప్పుడో దొరికింది. మనం వెతుకుతున్నది ఇంకేదో.

ఆ "ఇంకేదో"కి ఇంగ్లీషువాళ్లు పేరు కూడా పెట్టుకున్నారు. స్టీలీ డాన్ బృందంలో గిటార్ వాయించిన వాల్టర్ బెకర్ 1990లలో ఒక గిటార్ పత్రికలో నవ్వులాటగా గిటార్ ఎక్విజిషన్ సిండ్రోమ్ అని రాశాడు, అంటే గిటార్లు కొంటూనే ఉండే జబ్బు. తర్వాత గిటార్ పోయి "గేర్" వచ్చి చేరింది. వాళ్లకి ఇది జోక్. మన దగ్గర ఇది నవ్వేసి వదిలేసే విషయం కాదు. ఖురాన్‌లో ఒక సూరా పేరే "అత్-తకాసుర్", అంటే ఒకరితో ఒకరు పోటీపడి పోగేసుకోవడం. మన పెద్దలు దాన్ని నవ్వే విషయాల్లో కాకుండా భయపడే విషయాల్లో చేర్చారు.

ఇక హార్బర్‌కి వద్దాం. గేర్ అనే మాట అక్కడ కూడా ఉంది. మత్స్యశాఖ కాగితాల్లో "ఫిషింగ్ గేర్" అంటే వలా, దానికి సంబంధించిన సరంజామా. బోటు నడిపేవాడిని సరంగు అంటారు. ఆ మాట మన ఫార్సీ "సర్హంగ్" నుంచే వచ్చింది. పడవ పని చేసేవాడు కలాసీ, అది మన "ఖలాసీ". మన మాటలు అక్కడ పనిచేస్తున్నాయి కాబట్టి వాళ్ల అక్కల్ కాస్త మనం తెచ్చుకుంటే తప్పులేదు.

హార్బర్ మనిషికి సామాను పిచ్చి లేదని నేను అనను. వాళ్లూ మనుషులే. కానీ అక్కడ ప్రతి సామానుకీ తెల్లవారుజామున వేలంలో లెక్క తేలుతుంది. జీపీఎస్ పెట్టాడు, దారి తప్పకుండా తిరిగొచ్చాడు, డీజిల్ మిగిలింది. ఫిష్ ఫైండర్ పెట్టాడు, చేపల గుంపు ఎక్కడుందో తెర మీద కనిపించింది. అయినా వల వేసేది చెయ్యే. ఫిష్ ఫైండర్ చేపని చూపిస్తుందేగాని పట్టదు. రెండు ఫిష్ ఫైండర్లు పక్కపక్కన పెట్టుకుని ఏది బాగా చూపిస్తోందని రాత్రంతా పోల్చుకుంటూ వల వెయ్యకుండా ఒడ్డుకి వచ్చే సరంగుని మీరెవరైనా చూశారా? మన ఇళ్లల్లో మాత్రం అలాంటి గిటారిస్టులు గదికొకరున్నారు.

2023 నవంబర్ 19 రాత్రి ఆ హార్బర్‌లో మంటలు లేచాయి. తెల్లారేసరికి నలభై దాకా బోట్లు కాలిపోయాయి. డీజిల్ నింపుకుని, వంట గ్యాస్ పెట్టుకుని వేటకి సిద్ధంగా ఉన్న బోట్లు అవి. ఒక్కో బోటు కాలితే దాని యజమాని ఒక్కడే కాదు, కలాసీల ఇళ్లు, చేపలు తీసుకుని వీధుల్లో అమ్ముకునే ఆడవాళ్ల ఇళ్లు, ఐస్ మోసేవాళ్ల ఇళ్లు అన్నింటిలో పొయ్యి ఆగిపోయింది. ప్రభుత్వం బోటు విలువలో ఎనభై శాతం పరిహారం ప్రకటించాల్సి వచ్చింది. పనిముట్టు అంటే అదీ. కొనేముందు ఈ ఒక్క సవాల్ వేసుకోండి: ఇవాళ రాత్రి ఇది కాలిపోతే రేపు ఎవరి పొయ్యి ఆగుతుంది? హోటళ్లలో, పెళ్లిళ్లలో, స్టూడియోల్లో వాయించి దాంతో ఇల్లు నడిపే కళాకారుడు "నా పొయ్యి" అనగలడు. అతను క్వాడ్ కార్టెక్స్ కొన్నా, రెండు కొన్నా నేను నోరెత్తను. స్టేజి మీద ఒకటి మొరాయిస్తే రెండోది ఉండాలి, అది అతని రోజీ. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ మంచం మీద వాయించుకునే కుర్రాడికి ఆ జవాబు లేదు. అతనిది షౌక్. షౌక్ తప్పు కాదు. షౌక్‌కి జరూరత్ షేర్వానీ తొడగడం తప్పు.

మరి హార్బర్‌లో పోటీ లేదా? ఉంది, దాని తీరు వేరు. 2022 జనవరిలో ఇదే విశాఖ తీరంలో రింగు వలల మీద గొడవ పడవలకి నిప్పు పడేదాకా పోయింది, 144 సెక్షన్ పెట్టారు. అందరికీ సముద్రం ఒక్కటే, చేపలు లెక్కకి ఉన్నన్నే. పక్కవాడి వల పెద్దదైతే నా వలలో పడాల్సిన చేప వాడి వలలో పడుతుంది. అందుకే ఆ కోపంలో ఒక లెక్క ఉంది. గిటార్ సంగతి అలా కాదు. దోస్త్ ఇంటికి కెంపర్ వస్తే మీ వేళ్లలోంచి ఒక్క స్వరం కూడా తగ్గదు. సంగీతంలో ఒకడి వల ఇంకొకడి చేపని తినదు. నష్టమే లేని చోట పోటీపడుతున్నామంటే, ఆ పోటీ పేరు హసద్, లేదా దిఖావా. మూడో పేరు ఉంటే చెప్పండి.

అప్పు చేసి గేర్ కొంటే ఏమవుతుందో కూడా ఈ రేవు ఒకసారి చూసింది. 1980లలో రొయ్యల ఎగుమతి జోరు చూసి, విశాఖ కేంద్రంగా పెద్ద పెద్ద డీప్ సీ ట్రాలర్లు దిగాయి. చాలావరకు అప్పు మీద కొన్నవే. అందరూ ఒకే రొయ్య వెంట పడ్డారు. పట్టుబడి తగ్గింది, ఖర్చు పెరిగింది, 1990లు వచ్చేసరికి ఎన్నో కంపెనీలు కిస్తులు కట్టలేక కూలబడ్డాయి. ఓడ పెద్దదైనంత మాత్రాన రొయ్య పెరగదు. డబ్బా పెద్దదైనంత మాత్రాన రాగం పెరగదు.

అప్పు మాట వచ్చింది కాబట్టి మన ఇళ్లని నేరుగా తాకే సంగతి చెబుతాను. "సూద్ లేదు చాచా, నో కాస్ట్ ఈఎంఐ" అంటారు పిల్లలు. వాలిదైన్ కూడా ఆ మాట విని "సూద్ లేదంటున్నాడు కదా" అని సంతకం పెట్టేస్తారు. బ్యాంకు ఏ సాహూకారు ఖైరాత్ ఖాతాలోంచి ఇస్తోందనుకున్నారు? 2013లోనే రిజర్వ్ బ్యాంక్ తేల్చి చెప్పింది, సున్నా శాతం వడ్డీ అనేది లేనే లేదని. జరిగేది ఇది: మీరు కట్టాల్సిన వడ్డీ అంత మొత్తాన్ని దుకాణం ముందే ధరలో డిస్కౌంట్‌గా చూపిస్తుంది. బ్యాంకు మాత్రం తన వడ్డీ తను వసూలు చేసుకుంటుంది. ఆ వడ్డీ మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ పడుతుంది, అది మీ జేబులోంచే. ప్రాసెసింగ్ ఫీజు అదనం. నమ్మకపోతే కార్డు స్టేట్‌మెంట్ తీసి చదవండి, వడ్డీ అనే వరుస వేరుగా కనిపిస్తుంది. దీని మస్అలా మీ మసీదులో ఆలిమ్‌ని అడగండి, నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాదు. జర్నలిస్టుని, కాగితం చదవడం నా పని. ఆ కాగితం మీద సూద్ అని రాసి ఉంది. బియ్యం కోసం, దవా కోసం, పిల్ల పెళ్లి కోసం అప్పు చేసినవాళ్ల మజ్బూరీ వేరు. గరగర శబ్దం రెండో రకం నఖల్ కోసం సూద్ కాగితం మీద దస్తఖత్ చేసే మజ్బూరీ ఏ ఇంటికీ లేదు.

పోనీ నగదే అనుకుందాం. లక్షా ఎనభై వేలు. ఉస్తాద్ ఫీజు నెలకి రెండు వేలు అనుకుంటే తొంభై నెలల తాలీమ్, అంటే ఏడున్నర ఏళ్లు. ఏడున్నర ఏళ్లు ఉస్తాద్ ముందు కూర్చున్న చేతికి ఐదు వేల డబ్బా ఇచ్చినా పాడుతుంది.

ఈ మాట గాల్లోంచి తేలేదు. మన తెలుగు ముస్లిముల చరిత్రలోనే దీనికి గవాహీలున్నారు. షేక్ చినమౌలానా సాహెబ్ ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టారు, నాదస్వరం వాయించే ఖాందాన్. తంజావూరు బాణీ విని మనసు పారేసుకున్నారు. ఆయన ఏం కొన్నారు? ఏమీ కొనలేదు. నాచ్చియార్‌కోయిల్ వెళ్లి రాజం, దురైకన్ను అనే సోదరుల దగ్గర షాగిర్ద్ అయ్యారు. తర్వాత శ్రీరంగంలోనే ఇల్లు కట్టుకున్నారు. ఆ బాణీ కోసం ఊరు మారారు, జబాన్ నేర్చుకున్నారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. బుర్రకథ నాజర్ సాహెబ్ గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి. భుజాన ఒక తంబురా, వేళ్లకి అందెలు, రెండు పక్కలా వంతలు, వాళ్ల చేతుల్లో డక్కీలు. అంతే సెట్. దాంతోనే పల్నాటి యుద్ధం చెబితే ఊళ్లకి ఊళ్లు తెల్లారేదాకా కదల్లేదు. ఆయనకి 1986లో పద్మశ్రీ. ఆ తంబురా ఏ కంపెనీదని ఎవరైనా అడిగారా?

"అవి పాతకాలం చాచా, మాది ఎలక్ట్రిక్" అంటారేమో. సరే, ఎలక్ట్రిక్కే తీసుకుందాం. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ని కర్ణాటక కచేరీకి తెచ్చాడు. మాండలిన్‌కి మామూలుగా ఉండే జంట తీగల్ని తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. ఎందుకు? గమకం పలకాలంటే ఆ చేతికి అది అవసరమైంది. తొమ్మిదో శతాబ్దంలో ఖుర్తుబాలో జిర్యాబ్ ఊద్‌కి ఐదో తీగ చేర్చాడని చరిత్రకారులు రాశారు. వెయ్యేళ్ల తేడాతో ఇద్దరూ సామాను మార్చినవాళ్లే. కాబట్టి సామాను మార్చడమే గునాహ్ అని నేను అనడం లేదు. వాళ్ల విషయంలో చెయ్యి ముందు అడిగింది, తర్వాత సామాను మారింది. మన విషయంలో కన్ను అడుగుతోంది. చెయ్యికి ఇంకా ఉన్నదాంట్లో సగం బటన్లు ఎందుకో తెలీదు.

ఇక ఏతరాజుల సంగతి. నాకు తెలిసినవి మూడున్నాయి.

"రీసేల్ వాల్యూ ఉంటుంది." ఉంటుంది. ప్రతి అమ్మకంలో కొంత పోతుంది కూడా. మూడుసార్లు మార్చిన కుర్రాడు మొత్తం పోయింది ఎంతో కాగితం మీద కూడమనండి. ఆ మొత్తానికి మంచి గిటార్ ఒకటి వచ్చి ఉండేది. పైగా హీలిక్స్, ఫ్రాక్టల్ లాంటివాటికి కంపెనీలు ఏళ్ల తరబడి ఉచితంగా అప్‌డేట్లు ఇస్తూ వచ్చాయి. పాత డబ్బాయే ఇంట్లో కూర్చుని కొత్తదవుతుంటే, దాన్ని అమ్మి కొత్తది కొనేవాడిని ఏమనాలి?

"కొత్త సామాను ఉంటే ఇన్‌స్పిరేషన్ వస్తుంది." వస్తుంది, రెండు వారాలు. ఈద్ కొత్త చెప్పులు వేసుకున్న పిల్లాడికి కూడా నడవాలని అంతే ఉత్సాహం వస్తుంది. చెప్పులు పాతబడ్డాక నడక మానేస్తామా?

"నా కమాయి, నా ఇష్టం." సంపాదించేవాడు అంటే వింటాను. అప్పుడు కూడా ఒక మాట అడుగుతాను: ఇస్రాఫ్ అనే మాట పరాయి డబ్బుకి మాత్రమే వర్తిస్తుందని ఎవరు చెప్పారు? హలాల్ కమాయికి హిసాబ్ ఎక్కువ ఉంటుంది, తక్కువ కాదు.

ఇంతవరకు చదివి అబ్బాలందరూ "విన్నావా?" అని కొడుకు వైపు చూస్తుంటారు. మీ వంతు వచ్చింది, జనాబ్. పిల్లవాడు ఈ ముకాబలా ఎక్కడ నేర్చుకున్నాడు? రెండేళ్లకోసారి ఫోన్ మార్చి, కెమెరాలో చుక్కలు ఎన్ని పెరిగాయో బంధువులకి చెప్పింది ఎవరు? పక్కింటి వలీమాలో సౌండ్ సెట్ చూసి "మనది దానికంటే పెద్దది పెట్టాలి" అన్నది ఎవరు? కొన్ని మొహల్లాల్లో మసీదు కమిటీలు కూడా మైక్ సెట్‌ని పక్క మొహల్లా మైక్ సెట్‌తో పోల్చి మారుస్తాయి. ఇమామ్ సాహెబ్ తన్ఖా పెంచే మాట వస్తే మాత్రం చందాలు రావడం లేదంటారు. ఆ ఇంట్లో, ఆ మొహల్లాలో పెరిగిన కుర్రాడు హీలిక్స్‌కీ క్వాడ్ కార్టెక్స్‌కీ మధ్య నిద్ర పోగొట్టుకుంటే ఆశ్చర్యం దేనికి? సబక్ మనమే చెప్పాం. కొడుకు దాన్ని ఇంకో సామాను మీద అమల్ చేస్తున్నాడు.

కాబట్టి కొడుకుని ఒక్కడినే మందలించి ఊరుకోకండి. ఇల్లంతా కలిసి ఒక పని చేద్దాం. పద్ధతి నాది కాదు, హార్బర్‌ది.

ప్రతి ఏడూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ముందు 47 రోజులు ఉండేది, 2015 నుంచి 61 చేశారు. ఆ రెండు నెలలూ బోట్లన్నీ రేవులో వరసగా నిలబడి ఉంటాయి. మనుషులు మాత్రం ఖాళీగా ఉండరు. వలలు విప్పి చిరుగులు చూసుకుంటారు, ఇంజన్లు విప్పుతారు, బోటుకి రంగులు వేస్తారు. ఆ రెండు నెలలు వదిలేస్తేనే మిగతా పది నెలలు సముద్రం ఇస్తుందని వాళ్లకి తెలుసు.

మన ఇంట్లో కూడా 61 రోజుల కొనుగోలు నిషేధం పెడదాం. కొడుక్కి ఒక్కడికే కాదు, అబ్బాకి, అమ్మీకి కూడా. ఆ రోజుల్లో పోలిక వీడియోలు బంద్, బండి షోరూమ్ బంద్, బంగారం దుకాణం బంద్. గిటార్ ఉన్నవాడు తీగలు మార్చుకోవాలి. పికప్ ఎత్తు సరిచేసుకుంటే సౌండ్ ఎంత మారుతుందో ఒక స్క్రూడ్రైవర్‌తో తెలుస్తుంది. ఉన్న డబ్బాలో ఒకే ఒక్క సౌండ్ ఎంచుకుని 61 రోజులూ దాంతోనే వాయించాలి. రోజూ గంట రియాజ్. ఫోన్లో మొదటి రోజుది ఒక రికార్డు, అరవై ఒకటో రోజుది ఒక రికార్డు. రెండూ అమ్మీకి వినిపించండి. ఆవిడకి మోడలర్ అంటే ఏమిటో తెలీదు కాబట్టి ఆవిడ ఫైసలా నిఖార్సుగా ఉంటుంది.

61 రోజులయ్యాక కూడా చెయ్యి "ఇది నాకు చాలడం లేదు" అంటే, ఏది చాలడం లేదో ఒక్క వాక్యంలో రాయమనండి. రాయగలిగితే, నగదు ఉంటే, కొనండి. ముబారక్. రాయలేకపోతే ఆ డబ్బా గోడ దగ్గరే ఉండనివ్వండి. లోపం దానిది కాదు.

వస్సలామ్.